దుకాణం మూయకుండా తోటల చదువు

ప్రశ్న: మాది జనగామ. ఎరువుల దుకాణం నడుపుతూ మామిడి తోట చూసుకుంటున్నాను. ఇంటర్ బైపీసీతో చదువు ఆగింది. సాయంత్రాలు, ఆదివారాలు చదివి ఉద్యాన డిగ్రీ తెచ్చుకోవచ్చా?

జవాబు: డిగ్రీకి ఆ దారి లేదు. బీఎస్సీ (ఆనర్స్) హార్టికల్చర్ నాలుగేళ్ల రెగ్యులర్ కోర్సు. దాన్ని అందించే శ్రీ కొండా లక్ష్మణ్ తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయం సిద్దిపేట జిల్లా ములుగులో ఉంది. అంటు కట్టడం, కొమ్మల కత్తిరింపు, తెగుళ్ల గుర్తింపు తోటలో చేతులతో నేర్వాల్సిన పనులు. యూజీసీ నిబంధనలు కూడా ఉద్యాన డిగ్రీని దూరవిద్యలో అనుమతించవు. ‘వీకెండ్ డిగ్రీ’ ఇస్తామంటే డబ్బు కట్టకండి.

మీకు సరిపోయేది ‘దేశీ’ డిప్లొమా. హైదరాబాద్‌లోని వ్యవసాయ విస్తరణ శిక్షణ సంస్థ ‘మేనేజ్’ దీన్ని 2003లో ఎరువులు, విత్తనాలు, పురుగుమందుల డీలర్ల కోసమే మొదలుపెట్టింది. ఏడాది కోర్సు. వారానికి ఒక్కరోజు, ఆదివారమో సెలవు రోజో తరగతి. 48 వారాల్లో 40 తరగతులు, 8 క్షేత్ర సందర్శనలు. ఇది వ్యవసాయం మొత్తానికి సంబంధించినది, ఉద్యాన డిగ్రీకి సమానం కాదు. అయినా మీ మాట నమ్మి మందు కొనే రైతుకు దానివల్ల నేరుగా మేలు. ప్రవేశాల గురించి జిల్లా వ్యవసాయాధికారి కార్యాలయంలో అడగండి.

తోట పనుల్లో మెలకువల కోసం మహబూబాబాద్ జిల్లా మల్యాల కృషి విజ్ఞాన కేంద్రం శిక్షణల గురించి వాకబు చేయండి. ఇంట్లో బైపీసీ చదివే పిల్లలుంటే ఈఏపీసెట్ రాయించండి. రెగ్యులర్ డిగ్రీ వాళ్లకు అందుతుంది.