రెండో సర్వర్ ఉంది కదా అనుకునే ముందు

మైఎస్‌క్యూఎల్ 8.0లో ఒక ప్రైమరీకి ఒక రెప్లికా తగిలించడం పెద్ద పనేమీ కాదు. చేయి తిరిగినవాళ్లు లంచ్ తర్వాత మొదలుపెట్టి టీ టైమ్‌కి ముగిస్తారు. చిక్కంతా ఆ తర్వాతే. మీరు "అయిపోయింది" అని మెయిల్ పెట్టగానే పైవాళ్లు స్లైడ్‌లో "డేటా సేఫ్" అని రాసుకుంటారు. ఏదైనా పోయిన రోజు అడిగేది మిమ్మల్నే. కాబట్టి ఆ మెయిల్‌లోనే రెండు విషయాలు తేల్చి రాయండి. రెప్లికా అంటే బ్యాకప్ కాదు. ఎవరైనా వేర్ కండిషన్ మర్చిపోయి డిలీట్ కొడితే అది క్షణాల్లో రెండో సర్వర్‌లోనూ అమలవుతుంది. ఇంకోటి, మామూలు రెప్లికేషన్ అసింక్రనస్. ప్రైమరీ ఉన్నట్టుండి పడిపోతే చివరి లావాదేవీలు రెప్లికాకు చేరి ఉండకపోవచ్చు. సెమీ-సింక్ పెట్టినా, రెప్లికా పలక్కపోతే డిఫాల్ట్‌గా 10 సెకన్లు చూసి మళ్లీ అసింక్‌లోకి జారిపోతుంది. ఎన్ని సెకన్ల డేటా పోతే తట్టుకోగలరో బిజినెస్ వాళ్ల చేత రాయించుకోండి. నోటిమాట తర్వాత ఎవరికీ గుర్తుండదు.

ఇక సెటప్. సర్వర్ ఐడీ డిఫాల్ట్‌గా 1. రెండు మెషీన్లలోనూ అదే వదిలేస్తే రెప్లికేషన్ నడవదు. వీఎం క్లోన్ చేసి రెప్లికా తయారుచేస్తే ఇంకో మెలిక ఉంది: డేటా డైరెక్టరీలోని ఆటో డాట్ సీఎన్ఎఫ్ ఫైల్‌తో పాటు సర్వర్ యూయూఐడీ కూడా నకలవుతుంది. రెప్లికాలో సర్వీస్ ఆపి, ఆ ఫైల్ తీసేసి స్టార్ట్ చేస్తే కొత్తది వస్తుంది. జీటీఐడీ రెండు వైపులా ఆన్ చేయండి. లేకపోతే ఫెయిలోవర్ రోజు బిన్‌లాగ్ ఫైల్ పేరు, పొజిషన్ వెతుక్కుంటూ కూర్చోవాలి. మొదటి కాపీకి మైఎస్‌క్యూఎల్‌డంప్ వాడితే సింగిల్ ట్రాన్సాక్షన్ ఆప్షన్ తప్పనిసరి. అదీ ఇన్నోడీబీ టేబుల్స్‌కే పనికొస్తుంది, డంప్ నడుస్తుండగా ఎవరూ ఆల్టర్ టేబుల్ కొట్టకూడదు. డేటా వందల జీబీలు ఉంటే ఎక్స్‌ట్రాబ్యాకప్ మేలు. కనెక్షన్ కుదరకపోతే ముందు ఫైర్‌వాల్‌లో 3306 పోర్ట్ చూడండి, తర్వాత టీఎల్ఎస్ చూడండి.

రెప్లికాలో సూపర్ రీడ్ ఓన్లీ పెట్టండి. ఉత్త రీడ్ ఓన్లీ అడ్మిన్ అకౌంట్లను ఆపదు. ఏదో రిపోర్ట్ స్క్రిప్ట్ అడ్మిన్ లాగిన్‌తో రెప్లికాలో ఒక రో రాస్తుంది. కొన్నాళ్లకు అదే కీతో ప్రైమరీ నుంచి ఇంకో రో వస్తుంది, 1062 డూప్లికేట్ ఎర్రర్‌తో రెప్లికేషన్ ఆగుతుంది. నైట్ షిఫ్ట్‌లో ఉన్నతను ఆ ట్రాన్సాక్షన్ స్కిప్ చేసి టికెట్ మూసేస్తాడు. డ్యాష్‌బోర్డ్ పచ్చగా ఉంటుంది, కానీ అప్పటినుంచి రెండు సర్వర్లలో డేటా వేరు. స్కిప్ చేయక తప్పని పరిస్థితి వస్తుంది, కాదనను. మర్నాడు పీటీ-టేబుల్-చెక్‌సమ్ నడపకుండా మాత్రం ఆ టికెట్ మూయకండి.

మానిటరింగ్‌లో చాలామంది సెకండ్స్ బిహైండ్ సోర్స్ ఒక్కటే చూస్తారు. నెట్‌వర్క్ నెమ్మదించి బిన్‌లాగ్ రావడమే ఆలస్యమైతే, వచ్చినంతవరకు పూర్తిచేసిన రెప్లికా అక్కడ సున్నా చూపిస్తుంది. ప్రైమరీలో ప్రతి సెకనూ టైమ్ రాసి రెప్లికాలో చదివే పీటీ-హార్ట్‌బీట్ లాంటిది నమ్మదగినది. ల్యాగ్ నిజంగానే పెరుగుతుంటే ముందు ప్రైమరీ కీ లేని టేబుల్స్ వెతకండి; ఇండెక్స్ కూడా లేని అలాంటి టేబుల్‌లో లక్ష రోలు డిలీట్ చేస్తే రెప్లికా టేబుల్ మొత్తాన్ని మళ్లీ మళ్లీ గాలించవచ్చు. బిన్‌లాగ్ గడువు డిఫాల్ట్‌గా 30 రోజులు. డిస్క్ చాలడం లేదని ఎవరో దాన్ని ఒక్క రోజుకు కుదించారనుకోండి. శుక్రవారం రాత్రి రెప్లికా ఆగి, సోమవారం ఉదయం మీరు చూసేసరికి దానికి కావలసిన బిన్‌లాగ్‌లు ప్రైమరీలో ఉండవు. 1236 ఎర్రర్ వస్తుంది, రెప్లికాను మళ్లీ మొదటినుంచి కట్టాలి.

అలా తిరిగి కట్టే వేళే ప్రమాదకరం. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో జరిగింది అదే. వాళ్లది పోస్ట్‌గ్రెస్. వెనకబడ్డ రెప్లికాను మళ్లీ సింక్ చేయాలని ఒక ఇంజినీర్ రాత్రివేళ డేటా డైరెక్టరీ ఖాళీ చేయబోయి, ఆ కమాండ్ ప్రైమరీ మీద కొట్టాడు. గమనించి ఆపేసరికి సుమారు 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది. రోజువారీ డంప్‌లు చూస్తే ఖాళీ: సర్వర్ 9.6, డంప్ టూల్ 9.2 కావడంతో అవి ఫెయిలవుతున్నాయి, ఫెయిలైనట్టు చెప్పే మెయిల్స్‌ను మెయిల్ సర్వర్ తిప్పికొడుతోంది. అదృష్టవశాత్తు ఆరు గంటల ముందు తీసిన స్నాప్‌షాట్ ఒకటి ఉంది. ఆ ఆరు గంటల డేటా పోయింది. అందుకే ప్రాంప్ట్‌లో ప్రైమరీకి ఎర్రరంగు పెట్టుకోండి, డైరెక్టరీ తుడిచే బదులు పేరు మార్చండి, ఆ కమాండ్ కొట్టే ముందు హోస్ట్‌నేమ్ ఇంకొకరి చేత చదివించండి. రాత్రి రెండింటికి ఇంకొకరు దొరక్కపోతే ఆ పని పొద్దుటికి ఆపండి. రెప్లికా లేకుండా కొన్ని గంటలు గడవడం పెద్ద నష్టం కాదు.

ఆటోమేటిక్ ఫెయిలోవర్ కావాలని ఒత్తిడి వస్తుంది. ఉన్నవి రెండే సర్వర్లయితే ఒప్పుకోకండి. మధ్యలో లింక్ తెగిందో, ప్రైమరీ చచ్చిందో తేల్చడానికి మూడో సాక్షి లేకపోతే రెండూ రైట్స్ తీసుకుంటాయి. 2018 అక్టోబర్‌లో గిట్‌హబ్‌లో 43 సెకన్ల నెట్‌వర్క్ అంతరాయం వల్ల రెండు తీరాల డేటాసెంటర్లలోనూ, ఒకదానికి చేరని రైట్స్ మరోదానిలో మిగిలాయి. సర్దడానికి 24 గంటలు దాటింది. మీ దగ్గర అంత టీమ్ కూడా ఉండదు. చేత్తో చేసే స్విచ్‌ను రన్‌బుక్‌గా రాసి, మెయింటెనెన్స్ విండోలో నిజంగా మార్చి చూడండి. కాన్ఫిగ్ ఫైల్‌లో రెండు సర్వర్లకూ సూపర్ రీడ్ ఓన్లీ ఆన్‌లోనే ఉంచి, ప్రైమరీ ఏదో దానిలో రైట్స్‌ను చేత్తో తెరవండి. ప్రతి రీస్టార్ట్‌కీ ఇది అదనపు పనే. కానీ పడిపోయిన పాత ప్రైమరీ రీబూటై దానంతటదే లేచినా, అప్లికేషన్ దానిలో ఒక్క రో కూడా రాయలేదు.