రాత్రి కాపలాకు కెమెరా ఎన్నుకొనుట

విశాఖపట్నం నగరాన్ని ఆనుకొని కంబాలకొండ అభయారణ్యం ఉన్నది. అందులో చిరుతలు, అడవిపందులు తిరుగుచున్నవి. అడవి అంచున చెరకు, వేరుశనగ, మొక్కజొన్న వేయు రైతు తెల్లవారి పైరు పాడై యుండుట చూచినప్పుడు, చెరచినది పందియా, పశువా, దొంగయా అని ముందు తెలిసికొనవలెను. తెలియక వేసిన కంచె వృథా ఖర్చు. ఇందుకు ట్రెయిల్ కెమెరా ఉపయోగపడును. ఒంటి వేడిగల ప్రాణి ఎదుట కదలగానే ఇది తనంతట తానే ఫొటో తీయును.

కొనునప్పుడు గమనించవలసినవి:

1. మెగాపిక్సెళ్ల సంఖ్య చూచి మోసపోరాదు. ప్రాణి కదిలిన అర సెకను లోపల ఫొటో తీయునది మేలు.

2. 850 నానోమీటర్ల దీపం దూరం చూపును గాని ఎర్రగా మినుకుమనును. దొంగల భయమున్నచోట కంటికి కనబడని 940 రకం తీసికొనవలెను.

3. సముద్రపు ఉప్పుగాలికి బ్యాటరీల గది తుప్పు పట్టును. మూతకు బిగువైన రబ్బరు అంచు ఉండవలెను.

4. సిమ్ కార్డు రకం ఖరీదెక్కువ. పొలంలో సిగ్నల్ లేనిచో మెమరీ కార్డు రకమే చాలును.

పందుల కొరకు కెమెరాను మోకాలి ఎత్తున, అవి ఎదుట అడ్డంగా నడచునట్లు కట్టవలెను. ముందున్న గడ్డి కోయవలెను. సూర్యునికి ఎదురుగా పెట్టరాదు. ఎండ మిక్కుటమైనప్పుడు ఒంటి వేడిని గుర్తించు శక్తి తగ్గును.

పంది అని తేలినను పొలం చుట్టూ కరెంటు తీగ పెట్టరాదు. అది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పొరుగు రైతు ప్రాణానికే ముప్పు. చిరుత కనబడినచో రాత్రి పొలానికి పోక, వెంటనే అటవీశాఖ వారికి ఫొటో చూపవలెను.