హెల్మెట్, లైసెన్సు, పరిహారం: ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు ప్రాంత ద్విచక్ర వాహనదారులు తరచూ అడిగే ప్రశ్నలు

హెల్మెట్ చలానా పట్టుకుని సలహాకు వచ్చేవారిలో ఎక్కువమంది ఒకే మాటతో మొదలుపెడతారు: "వెయ్యి కట్టేశానండీ, ఇక అయిపోయినట్టే కదా?" అయిపోలేదు. ఎందుకో 5వ ప్రశ్న కింద ఉంది. తొందరలో ఉన్నవారు ముందు అదే చదవవచ్చు.

ఇందులో "చట్టం" అంటే 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం, 1988. "నిబంధనలు" అంటే కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989. "హెల్మెట్" అంటే సెక్షన్ 129లో చెప్పిన రక్షణ శిరస్త్రాణం. "బండి" అంటే చట్టం నిర్వచించిన మోటారు సైకిల్; స్కూటరు, మోపెడ్, మేత బస్తాలు మోసే టీవీఎస్ ఎక్సెల్ అన్నీ దీని కిందికే వస్తాయి. "అనర్హత" అంటే లైసెన్సు కలిగి ఉండే హక్కును నిర్ణీత కాలం కోల్పోవడం. ఇది సాధారణ సమాచారం. మీ చేతికి నోటీసు వచ్చి ఉంటే, ఆ కాగితాన్ని న్యాయవాదికి చూపించకుండా దీన్ని మాత్రమే నమ్ముకుని నిర్ణయం తీసుకోవద్దు.

1. హెల్మెట్ ఎవరెవరు పెట్టుకోవాలి?

బహిరంగ స్థలంలో బండి నడిపేవారు, బండిపై కూర్చుని వెళ్లేవారు, నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరూ. ఆడ, మగ తేడా లేదు. కొప్పు, పూలు, ఎండ, "ఇక్కడికే కదా" అన్నవేవీ మినహాయింపులు కావు. సెక్షన్ 129లో ఉన్న మినహాయింపు ఒక్కటే: తలపాగా ధరించిన సిక్కు. తలగుడ్డ చుట్టుకున్న రైతుకు అది వర్తించదు. అనారోగ్యం పేరుతో మినహాయింపు కూడా ఆ సెక్షన్‌లో లేదు. తలకు కుట్లు పడి హెల్మెట్ పెట్టుకోలేని స్థితిలో ఉంటే, డాక్టరు చీటీ జేబులో పెట్టుకుని బండి ఎక్కడం కంటే ఆటో ఎక్కడం క్షేమం.

2. చేపల చెరువు గట్టు మీద తిరిగేటప్పుడు కూడా పెట్టుకోవాలా?

ఆ గట్టు "బహిరంగ స్థలం" అవునా కాదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. సెక్షన్ 2(34) ప్రకారం, ప్రజలకు ప్రవేశించే హక్కు ఉన్న రోడ్డు, వీధి, దారి లేదా మరే చోటైనా బహిరంగ స్థలమే. అది రహదారే కానవసరం లేదు. మీ సొంత చెరువు చుట్టూ, గేటు వేసి, పనివారు తప్ప ఇతరులు రాని గట్టు దీని కిందికి రాదని వాదించవచ్చు. ఊరివాళ్లు నడిచే కాలవగట్టు, పంచాయతీ దారి, కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ జాతరకు జనం బండ్లు నిలిపే మైదానం విషయంలో ఆ వాదన నిలవడం కష్టం. ఆచరణలో చూస్తే, మేత వేసి గట్టు దిగిన బండి రెండు నిమిషాల్లో కైకలూరు రోడ్డు ఎక్కుతుంది. చెరువు షెడ్డులో హెల్మెట్ మరచిపోయానన్న జవాబు అక్కడ పనికిరాదు.

3. హెల్మెట్ తలపైనే ఉంది, బెల్టు మాత్రం పెట్టుకోలేదు. తప్పేనా?

తప్పే. సెక్షన్ 129 వివరణలో రెండు షరతులున్నాయి. ఒకటి, ఆకారం, పదార్థం, తయారీ రీత్యా ప్రమాదంలో గాయం నుంచి కొంత రక్షణ ఇవ్వగలదని సహేతుకంగా ఆశించదగినదై ఉండాలి. రెండు, దానికున్న పట్టీతో తలకు గట్టిగా బిగించి ఉండాలి. రెండూ ఉంటేనే చట్టం దృష్టిలో హెల్మెట్. పెట్రోలు ట్యాంకు మీద, అద్దానికి, మోచేతికి వేలాడేది హెల్మెట్ కాదు. పట్టీ బిగించాక గడ్డానికీ పట్టీకీ మధ్య రెండు వేళ్లకు మించి దూరితే వదులుగా ఉన్నట్టు. పోలీసు ఆపగానే హడావుడిగా పట్టీ వెతుక్కునే దృశ్యం ఏలూరు ఫైర్ స్టేషన్ సెంటరులో నేను చాలాసార్లు చూశాను. అప్పటికే ఫొటో పడి ఉంటుంది.

4. జరిమానా ఎంత? వెనుక కూర్చున్నవారు పెట్టుకోకపోతే ఎవరు బాధ్యులు?

సెక్షన్ 194డి ప్రకారం రూ. 1,000 జరిమానా, దానితోపాటు మూడు నెలల అనర్హత. బండి నడిపినవారికీ, అలా నడిపించినవారికీ, నడపడానికి అనుమతించినవారికీ ఆ సెక్షన్ వర్తిస్తుంది. కాబట్టి వెనుక కూర్చున్న వ్యక్తి తల ఖాళీగా ఉంటే నోటీసు నడిపినవారికే వస్తుంది. బండి ఇచ్చి సరుకు పంపే యజమాని కూడా "అనుమతించినవారు" అనిపించుకోవచ్చు.

హెల్మెట్ నిబంధనను ఖచ్చితంగా అమలు చేయాలని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2024 జూన్‌లో ఆదేశించింది. అమలు తీరుపై అదే ఏడాది డిసెంబరులో అసంతృప్తి తెలిపింది. అందుకే తనిఖీలు ఇదివరకటిలా పండగకూ పబ్బానికీ మాత్రమే ఉంటాయని అనుకోవద్దు.

5. జరిమానా కట్టేశాను. కేసు ముగిసినట్టేనా?

జరిమానా వరకే ముగిసింది. కోర్టుకు వెళ్లకుండా అధీకృత అధికారి వద్ద సొమ్ము కట్టడాన్ని రాజీ అంటారు. ఇది సెక్షన్ 200 కింద జరుగుతుంది. ఆ సెక్షన్‌కు 2019లో చేర్చిన మినహాయింపు వాక్యాలను చదివినవారు తక్కువ. వాటి ప్రకారం:

రాజీ చేసుకున్నా, ఆ నేరం మీరు ఇదివరకే చేసిన నేరంగా లెక్కలో ఉంటుంది. మళ్లీ పట్టుబడితే అది రెండోది. అలాగే రాజీ చేసుకున్నంత మాత్రాన సెక్షన్ 206(4) కింద లైసెన్సుపై జరిగే చర్య ఆగదు. డ్రైవరు పునశ్చరణ శిక్షణ పూర్తిచేయాల్సిన బాధ్యతా పోదు.

కాబట్టి రసీదు పారేయకండి. తేదీ, సెక్షన్, బండి నంబరు కనబడేలా ఫొటో తీసి దాచండి. రేపు ఎవరైనా "ఇది మీకు రెండోసారి" అంటే, మొదటిది హెల్మెట్ కేసేనా, మరొకటా అని తేల్చేది ఆ కాగితమే. రసీదు ఇవ్వని సొమ్ము ఏ ఖాతాలోనూ ఉండదు. అలా ఇచ్చినవారికి రుజువు కూడా ఉండదు.

6. పోలీసు అధికారి లైసెన్సు తీసుకుని రసీదు ఇచ్చారు. ఆ రసీదుతో బండి నడపవచ్చా?

నడపకూడదు. సెక్షన్ 194డి నేరం జరిగిందని నమ్మడానికి కారణం ఉంటే, లైసెన్సు స్వాధీనం చేసుకుని లైసెన్సు అధికారికి పంపాలని సెక్షన్ 206(4) చెబుతోంది. మీకు తాత్కాలిక రసీదు పొందే హక్కు ఉంది, అడిగి తీసుకోండి. అయితే లైసెన్సు తిరిగి చేతికొచ్చేదాకా ఆ రసీదు బండి నడిపే అనుమతి కాదని అదే సెక్షన్ స్పష్టంగా చెప్పింది. చాలామంది దీన్ని తిరగేసి అర్థం చేసుకుంటారు.

7. ఆ తర్వాత రవాణా కార్యాలయంలో ఏం జరుగుతుంది? నేనేం చేయాలి?

సెక్షన్ 19(1ఎ) ప్రకారం లైసెన్సు అధికారి మీ వాదన వినే అవకాశం ఇవ్వాలి. విన్నాక మిమ్మల్ని వదిలేయవచ్చు; లేదా కారణాలు రాతపూర్వకంగా నమోదుచేసి ఉత్తర్వు ఇవ్వవచ్చు. మొదటి నేరమైతే మూడు నెలల అనర్హత. రెండోది లేదా ఆ తర్వాతిదైతే లైసెన్సు రద్దు.

నోటీసులో చెప్పిన తేదీకి తప్పక హాజరుకండి. చెప్పదలచుకున్నది కాగితంపై రాసి, నకలుపై కార్యాలయ ముద్ర వేయించుకోండి. ఉత్తర్వు అన్యాయమనిపిస్తే, అది మీకు అందిన నాటి నుంచి 30 రోజుల్లో సెక్షన్ 19(3) కింద అప్పీలు చేసుకోవచ్చు. లెక్క ఉత్తర్వుపై ఉన్న తేదీ నుంచి కాదు, మీకు అందిన తేదీ నుంచి. అందుకే పోస్టు కవరును దాచండి.

అనర్హత కాలంలో బండి నడిపితే సెక్షన్ 182 కింద మూడు నెలల వరకు జైలు, లేదా రూ. 10,000 జరిమానా, లేదా రెండూ. అంతకంటే పెద్ద నష్టం బీమా వైపు నుంచి రావచ్చు. యజమాని-డ్రైవరుకు ఉండే రూ. 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా, చెల్లుబాటయ్యే లైసెన్సు ఉండాలన్న షరతుకు లోబడినది. ఆ మూడు నెలల్లో మీ వల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే, బీమా సంస్థ బాధితునికి చెల్లించి ఆ సొమ్ము మీ నుంచి వసూలు చేసుకునే అవకాశమూ ఉంది. ఆకివీడు రోడ్డులో చేపల లారీలు కార్చుకుంటూ పోయే నీటి మీద బండి జారితే, తప్పెవరిదన్న దానికంటే ముందు లైసెన్సు ఏదని అడుగుతారు.

8. హెల్మెట్ లేదని బండినే పట్టుకుపోవచ్చా? తాళం తీసుకోవచ్చా?

వాహనాన్ని నిర్బంధించే అధికారం సెక్షన్ 207లో ఉంది. లైసెన్సు లేకుండా నడపడం, రిజిస్ట్రేషన్ లేకపోవడం, పర్మిట్ ఉల్లంఘన వంటివే అందులో ఉన్నాయి; కేవలం హెల్మెట్ లేకపోవడం లేదు. తాళం లాక్కునే అధికారాన్ని చట్టం ప్రత్యేకంగా ఇవ్వలేదు. అయినా రోడ్డు మీద వాదనకు దిగవద్దు. అధికారి పేరు, స్థలం, సమయం రాసుకుని పై అధికారికి లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయండి.

9. నన్నెవరూ ఆపలేదు. ఫోనుకు చలానా వచ్చింది.

కెమెరా ఆధారంగా వచ్చే నోటీసు, నిబంధనల్లోని 167ఎ ప్రకారం, నేరం జరిగిన 15 రోజుల్లో పంపాలి. అందులో ఫొటో, తేదీ, సమయం, స్థలం, ఉల్లంఘించిన సెక్షన్ ఉండాలి. మొదట ఫొటో పెద్దది చేసి నంబరు ప్లేటు చూడండి. బండి అమ్మేసి పేరు మార్పించుకోనివారికి, కొన్నవాళ్ల చలానాలు ఏళ్ల తరబడి వస్తుంటాయి. తాడేపల్లిగూడెంలో చదువు ముగించి బండి అమ్మేసి ఊరెళ్లిపోయే విద్యార్థులు ఇది గుర్తుంచుకోవాలి. నేరం మీది కాకపోతే సొమ్ము కట్టవద్దు. కట్టాక కాదనడం కష్టం. నోటీసులో ఇచ్చిన గడువులోగా అభ్యంతరం దాఖలు చేయండి. సందేశంలో వచ్చిన లింకును నొక్కకుండా, పరివాహన్ పోర్టల్‌లో బండి నంబరు మీరే కొట్టి చూసుకోండి. నకిలీ చలానా లింకులు చాలా తిరుగుతున్నాయి.

10. నాలుగేళ్ల లోపు పిల్లల సంగతి?

2022 ఫిబ్రవరి 15న నోటిఫై చేసి, ఏడాది తర్వాత అమల్లోకి తెచ్చిన నిబంధన 138(7) వర్తిస్తుంది. నాలుగేళ్ల లోపు బిడ్డను నడిపేవారికి కలిపి ఉంచే రక్షణ పట్టీ కట్టాలి. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల వరకు తలకు సరిపోయే హెల్మెట్ పెట్టాలి. వేగం గంటకు 40 కిలోమీటర్లు మించకూడదు. ట్యాంకు మీద కూర్చోబెట్టి చున్నీతో కట్టడం రక్షణ పట్టీ కాదు.

11. ఎలాంటి హెల్మెట్ కొనాలి? మోసపోతే?

2021 జూన్ 1 నుంచి ఐఎస్ 4151 ప్రమాణం, ఐఎస్ఐ ముద్ర లేని హెల్మెట్ తయారీ, అమ్మకం నిషిద్ధం. ముద్ర ఒక్కటే చూడకండి. దాని దగ్గర సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటుంది. దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే తయారీదారు పేరు వస్తుంది. ఆ పేరు, హెల్మెట్ మీది పేరు ఒకటి కాకపోతే కొనవద్దు. జాతీయ రహదారి పక్కన గుట్టగా పోసి అమ్మేవాటిలో కొన్నిటి మీద ఐఎస్ఐ గుర్తు గోరుతో గీకితే ఊడివస్తుంది.

బిల్లు తీసుకోండి. నాసిరకమని తేలితే బీఐఎస్ కేర్ యాప్‌లో ఫిర్యాదు చేయవచ్చు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద, ఫిర్యాదుకు కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలో జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. చెల్లించిన ధర రూ. 5 లక్షల లోపైతే రుసుము లేదు. సలహాకు 1915కు ఫోను చేయండి.

12. కొత్త బండితో హెల్మెట్ ఇవ్వాలా?

ఇవ్వాలి. నిబంధన 138(4)(ఎఫ్) ప్రకారం బండి కొనేటప్పుడు ప్రమాణాలకు తగిన హెల్మెట్‌ను తయారీదారు సమకూర్చాలి. "యాక్సెసరీస్" పేరుతో దానికి వేరే సొమ్ము వేశారేమో బిల్లులో చూడండి.

13. చేతి తొడుగులు, జాకెట్, బూట్లు? చెప్పులతో నడిపితే జరిమానానా?

చట్టం తప్పనిసరి చేసింది హెల్మెట్‌నే. చెప్పులకు, పొట్టి చేతుల చొక్కాకు జరిమానా లేదని 2019 సెప్టెంబరులో కేంద్ర రవాణా మంత్రి కార్యాలయం స్పష్టం చేసింది. చట్టం అడగకపోయినా ఒక్క మాట: పొద్దుగూకేవేళ పెదయడ్లగాడి వంతెన మీదుగా వచ్చేవారు హెల్మెట్ ముందు అద్దం దించుకోవాలి. కంట్లో పడిన పురుగును తీసుకోవడానికి హ్యాండిల్ వదిలిన చేయి చాలు, పక్కన కొల్లేరు ఉంది.

14. ప్రమాదం జరిగినప్పుడు హెల్మెట్ లేదు. పరిహారం రాదా?

హెల్మెట్ లేనంత మాత్రాన హక్కు పోదు. తగ్గే ప్రమాదం మాత్రం ఉంది. మహ్మద్ సిద్దిఖ్ కేసులో (2020) సుప్రీంకోర్టు, బండిపై ముగ్గురు ఉండటం తప్పే అయినా, ఆ ఉల్లంఘనకూ ప్రమాదానికీ లేదా దాని తీవ్రతకూ సంబంధం ఉందని రుజువు కాకుండా బాధితుని నిర్లక్ష్యంగా లెక్కించకూడదని చెప్పింది. హెల్మెట్ విషయంలోనూ ఈ తర్కాన్నే వినిపించవచ్చు. కాలు విరిగిన కేసులో అది బలంగా నిలుస్తుంది. తలకు గాయమైన కేసులో అవతలి బీమా సంస్థ న్యాయవాది మొదట పట్టుకునేది దీన్నే. కొన్ని కోర్టులు పరిహారంలో కొంత శాతం కోసిన సందర్భాలున్నాయి. హెల్మెట్ పెట్టుకుని ఉంటే, పగిలినదైనా సరే, పారేయకండి. అది సాక్ష్యం.

15. పరిహారానికి గడువెంత? ఎక్కడ వేయాలి?

సెక్షన్ 166(3) ప్రకారం ప్రమాదం జరిగిన నాటి నుంచి ఆరు నెలలు. ఈ గడువుపై సుప్రీంకోర్టులో సవాలు నడుస్తోంది. దాన్ని నమ్ముకుని ఆలస్యం చేయవద్దు. ప్రమాదం జరిగిన చోటు, మీరు నివసించే చోటు, ప్రతివాది నివసించే చోటు, వీటిలో దేని పరిధిలోని మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునల్‌లోనైనా వేయవచ్చు. 2022 ఏప్రిల్ 4 తర్వాత కైకలూరు ఏలూరు జిల్లాలోకి వచ్చింది, తాడేపల్లిగూడెం పశ్చిమగోదావరిలోనే ఉంది. రెవెన్యూ జిల్లా మారినంత మాత్రాన కోర్టు పరిధీ మారిందని అనుకోకుండా ముందే విచారించండి.

ఢీకొన్న వాహనం దొరకకపోతే సెక్షన్ 161 కింద మరణానికి రూ. 2 లక్షలు, తీవ్ర గాయానికి రూ. 50,000 వస్తాయి; దరఖాస్తుకు తహసీల్దారు లేదా ఆర్డీవో కార్యాలయంలో అడగండి. చికిత్సకు 2025 మేలో అమల్లోకి వచ్చిన నగదు రహిత పథకం, ప్రమాదం నాటి నుంచి 7 రోజుల వరకు, ఒక్కో బాధితునికి రూ. 1.5 లక్షల దాకా గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో వర్తిస్తుంది.

16. న్యాయవాదిని పెట్టుకునే స్తోమతు లేదు.

న్యాయ సేవల అధికార సంస్థల చట్టం, 1987 సెక్షన్ 12 కింద మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు, నిర్ణీత ఆదాయ పరిమితి లోపు ఉన్నవారు ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. ఏలూరు కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వండి, లేదా 15100కు ఫోను చేయండి. వెళ్లేటప్పుడు చలానా, స్వాధీనం రసీదు, ఉత్తర్వు వచ్చిన కవరు, ఎఫ్ఐఆర్ నకలు, ఏది ఉంటే అది తీసుకెళ్లండి. అసలు ప్రతులు ఎవరి చేతికీ ఇవ్వకండి; జిరాక్సులు చాలు.