సమాచారంపై ఆధారం ఎంత?

ఒక వ్యాపారం సమాచారం మీద ఎంతగా ఆధారపడి ఉన్నదో తెలుసుకోవడం ఎలా? కార్యాలయంలోని కంప్యూటర్లను లెక్కపెడితే చాలునని కొందరనుకొంటారు. కాని యంత్రాల సంఖ్య వేరు, వాటి మీద నడిచే పని వేరు.

1985లో మైకేల్ పోర్టర్, విక్టర్ మిల్లర్ అనే ఇద్దరు అమెరికా నిపుణులు హార్వర్డ్ బిజినెస్ రివ్యూ అనే పత్రికలో ఒక వ్యాసం రాశారు. వారు వ్యాపారాలను రెండు విధాలుగా పరిశీలించారు. అమ్మే సరకులో సమాచారం పాలెంత? ఆ సరకును తయారుచేసి, కొనేవారికి చేర్చడంలో సమాచారం అవసరమెంత?

సిమెంటు వ్యాపారంలో ఈ రెండూ తక్కువే. పెట్రోలు కొనేవారికి కావలసింది పెట్రోలే కాని సమాచారం కాదు. అయితే ముడిచమురును శుద్ధిచేసేటప్పుడు వేడిమిని, ఒత్తిడిని నిరంతరం కనిపెట్టి ఉండాలి. ఇక బ్యాంకులో రెండూ ఎక్కువే. ఖాతాలోని నిల్వ సమాచారమే. దానిని తప్పు లేకుండా కాపాడడమే బ్యాంకు పని.

దీనికి తోడు మరొక పరీక్ష ఉన్నది. సమాచారం అందకపోతే ఏ పని ఎంతసేపటిలో ఆగిపోతుంది?

2024 జూలై 19న ప్రపంచమంతటా ఈ పరీక్ష ఎదురయింది. కంప్యూటర్ల రక్షణకై క్రౌడ్‌స్ట్రైక్ అనే సంస్థ పంపిన మార్పులో దోషముండడంతో, విండోస్‌పై పనిచేసే సుమారు 85 లక్షల కంప్యూటర్లు నిలిచిపోయాయి. మైక్రోసాఫ్ట్ సంస్థ అంచనా ప్రకారం ఇవి మొత్తం విండోస్ కంప్యూటర్లలో నూటికి ఒకటికన్న తక్కువే. అయినా వేలాది విమానాలు రద్దయ్యాయి. పలు దేశాలలో ఆసుపత్రుల పని, బ్యాంకుల పని కుంటుపడింది. బెంగళూరు, హైదరాబాదు వంటి విమానాశ్రయాలలో కొందరు ప్రయాణికులకు సిబ్బంది బోర్డింగు పాసులను చేతితో రాసి ఇచ్చారు. విమానాలు చెడిపోలేదు, పైలట్లు కరవు కాలేదు. ప్రయాణికుల వివరాలు చూపవలసిన కంప్యూటర్లే పనిచేయలేదు.

కనుక ఆధారాన్ని కొలవవలసింది యంత్రాల సంఖ్యతో కాదు, అవి ఆగితే ఆగిపోయే పనులతో. ఆధారపడడం దోషం కాదు. ఎంత ఆధారపడినదీ తెలియకపోవడమే దోషం. అది తెలిసిన సంస్థ కంప్యూటరు పక్కనే కాగితాన్ని, కలాన్ని కూడా సిద్ధంగా ఉంచుకొంటుంది.

అభ్యాసం

1. కంప్యూటర్ల సంఖ్య సరియైన కొలమానం ఎందుకు కాదు?
2. మీ ఊరిలోని ఒక దుకాణాన్ని పరిశీలించండి. అక్కడ కంప్యూటరు గాని, ఫోను గాని ఒక రోజు పనిచేయకపోతే ఏయే పనులు ఆగుతాయో, ఏవి సాగుతాయో రాయండి.