ఏలీ చేసిన పొరబాటు
పాఠ్యభాగము: 1 సమూయేలు 1:9–18



షిలోహు మందిరములో హన్నా మనోదుఃఖముతో ప్రార్థించుచుండెను. పెదవులు కదలెనే గాని స్వరము వినబడలేదు. యాజకుడగు ఏలీ ఆమె నోటిని కనిపెట్టి, త్రాగియున్నదని తలంచి గద్దించెను. పెదవులు కదలుట నిజమే. దానికి అతడు చెప్పుకొనిన అర్థమే అబద్ధము.

ఈ పాఠమును నేను సెమినరీలో చదివి, పరీక్షలో వ్రాసి, సంఘములో మరచితిని. మన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలో వానలు లేని యేట అనేక కుటుంబములు సుగ్గికి పోవుట మీరెరుగుదురు. గుంటూరు సీమలో మిరపకాయలు కోయుటకు పిల్లలతో సహా పోవుదురు. కొన్ని యేండ్ల క్రిందట ఒక ప్రభురాత్రి భోజనపు ఆదివారమున, మా సంఘపు యౌవనుడొకడు ఆరాధన మొదలైన తరువాత లోపలికి వచ్చెను. కండ్లు ఎఱ్ఱబారియున్నవి. అడుగు తడబడుచున్నది. బట్టలు మాసియున్నవి. నేను వేదికమీదనుండియే, "త్రాగి ప్రభువు బల్లయొద్దకు వచ్చుచున్నావా?" అంటిని. అతడు మారుమాట లేక వెళ్లిపోయెను. అతని తల్లియు లేచిపోయెను.

సాయంకాలమున ఒక సంఘపెద్ద నాతో ఇట్లనెను: "వాడు తాగలేదయ్యగారూ. మూడు నెలలు మిరపకాయ కోసినాడు, ఆ ఘాటుకు కండ్లు అట్లయినాయి. రాత్రంతా లారీలో నిలబడి వచ్చి, ఇంటికి గూడ పోకుండా కానుక ఎత్తుకొని గుడికొచ్చినాడు."

మరునాడు వారి యింటికి వెళ్లి క్షమాపణ వేడితిని. తల్లి యనెను: "ఇంటికొచ్చి అడిగింటే చెప్పేవాడు గదయ్యా. అందరి ముందర అంటిరి. ఇప్పుడు బోరింగుకాడ గూడ అదే మాట."

ఆ మాట నన్ను పొడిచెను. అందరియెదుట పెట్టిన నింద ఇంటిలో తీరదు. తరువాతి ఆదివారమున సంఘమంతటి యెదుట నా తప్పు ఒప్పుకొంటిని. అతడు క్షమించెను, అయినను నేటికిని వెనుక వరుసలోనే కూర్చుండును.

ఒక్కని కింత గాయమైతే, జనమంతటికి ఎంత? 1871లో బ్రిటిషువారు ఆరంభించిన నేరస్థ జాతుల చట్టము 1911 తరువాత మద్రాసు రాజధానికిని వచ్చెను. ఎరుకలవారు మొదలగువారు పుట్టుకచేతనే నేరస్థులని ముద్ర మోసిరి. 1952 ఆగస్టు 31న ఆ చట్టము రద్దాయెను. చట్టము పోయెను గాని, దొంగకులమను మాట కొందరి నోళ్లలో నింకను పోలేదు.

కావున మూడు సంగతులు నేర్చుకొందము.

1. తీర్పుకు ముందు అడుగుము. హన్నా జవాబు విని ఏలీ తన మాట మార్చుకొని ఆమెను ఆశీర్వదించెను. మాసిన బట్టలను చూచి మనిషిని తక్కువచేయుట పాపమని యాకోబు 2వ అధ్యాయము బోధించుచున్నది.

2. తప్పు నిజమైనను ఒంటరిగా చెప్పుము. ప్రభువు మత్తయి 18:15లో నేర్పిన క్రమమిదే. మరియను నలుగురిలో అవమానపరచ నొల్లని యోసేపును వాక్యము నీతిమంతుడనుచున్నది (మత్తయి 1:19).

3. నలుగురిలో అవమానించితివా, నలుగురిలోనే సరిచేయుము.

మీ సంఘములో వెనుక వరుసలో కూర్చుండువారెవరు? అసలు రాక మానినవారెవరు? ఈ వారమే వారి గడపకు పొండి.

ప్రార్థన: హృదయముల నెరిగిన ప్రభువా, మా నాలుకకు ముందుగా మా చెవులను తెరువుము. ఆమేన్.