చంటిబిడ్డ – కూలిరేటు: రాయచోటి నుంచి ఒక పరిశీలన

‘శ్రామికుల కొరత’ అన్న మాట ఆర్థికశాస్త్ర గ్రంథాల్లో ఒక రకంగానూ, రాయచోటి బజారులో మరొక రకంగానూ వినిపిస్తుంది. గ్రంథం ప్రకారం కూలిరేటు పెరిగితే కొరత తీరాలి. మా ఊళ్ళో అలా తీరడం లేదు. వేరుశెనగ పెరికే రోజుల్లో రైతు రేటు పెంచుతాడు, ఆటో ఛార్జీ తానే పెట్టుకుంటానంటాడు, అయినా ఆడకూలీలు చాలరు. బట్టలకొట్టు యజమాని పనిమనిషి కావాలని అద్దానికి కాగితం అంటిస్తాడు, ఆ కాగితం ఎండకు వెలిసిపోయేదాకా అక్కడే ఉంటుంది. ఎందుచేత? మన కళాశాలలో అర్థశాస్త్రం చదివి, ఆ పాఠమే చెప్పుకుని బతుకుతున్నవాణ్ణి గనుక ఈ ప్రశ్న నన్ను చాలాకాలంగా వదలలేదు. నాకు దొరికిన సమాధానం ఒకటే. కొరతగా ఉన్నది పనికి వచ్చే ఆడమనిషి కాదు. ఆమె పనికి పోయినంతసేపు బిడ్డను చూసే మనిషి.

రాయచోటి చూడని మిత్రుల కోసం రెండు మాటలు. కడప సీమకు దక్షిణాన ఉన్న మెట్ట ప్రాంతం మాది. వీరభద్రస్వామి గుడి వల్ల పదిమందికీ తెలిసిన ఊరు. వాననే నమ్ముకున్న వేరుశెనగ, కొంత మామిడి, బోరు ఉన్నచోట టమాటా. వీటికి తోడు కువైట్ నుంచి వచ్చే డబ్బు. 2022 ఏప్రిల్ 4న అన్నమయ్య జిల్లా ఏర్పడ్డప్పుడు దాన్ని జిల్లా కేంద్రం చేశారు. తర్వాత జరిగిన జిల్లాల మార్పుల జోలికి నేను పోను. అది వేరే వ్యాసం, వేరే తగాదా!

ముందుగా పొలం సంగతి చూద్దాం. శెనక్కాయ పైరుకు అదను ముఖ్యం. కాయ ముదిరి, నేలలో పదును ఉన్న ఆ కొద్ది రోజుల్లోనే చెట్టు పెరకాలి. పదును ఆరితే కాడ చేతికి వస్తుంది, కాయ భూమిలోనే తెగి నిలిచిపోతుంది. చుట్టుపక్కల చేలన్నీ ఇంచుమించు ఒకే వానకు విత్తినవి కాబట్టి అందరికీ ఒకేసారి కూలీలు కావాలి. పెరకడం, కాయ తెంపడం చాలావరకు ఆడవాళ్ళ పని. చంటిబిడ్డ తల్లి ఆ రోజుల్లో పనికి పోవాలంటే బిడ్డను ఎవరికి అప్పగించాలి? “అవ్వ ఉండాది గదా!” అంటారు. ఉంది నిజమే. కానీ అదే పది రోజుల్లో ఆ అవ్వకూ కూలి దొరుకుతుంది. సంవత్సరంలో ఆమె చేతికి నాలుగు రూపాయలు వచ్చే రోజులు అవే. అరవై ఏళ్ళు దాటినా నడుము వంగగలిగినంత కాలం ఆమె కూలిమనిషే. అంటే తల్లులకు గిరాకీ హెచ్చిన రోజునే బిడ్డలను చూసేవాళ్ళ సరఫరా తగ్గిపోతున్నది. డిమాండు రేఖ, సప్లై రేఖ అని బోర్డు మీద గీతలు గీసే మనం ఈ సంగతి ఏ రేఖ మీదా చూపించం.

ఆ ఖాళీని పూడ్చేది చాలా ఇళ్ళల్లో పెద్ద ఆడపిల్ల. నాలుగో తరగతో ఐదో తరగతో చదివే పిల్ల వారం రోజులు బడి మానేసి తమ్ముణ్ణి చంకన వేసుకుంటుంది. పదేళ్ళ పిల్ల వదులుకున్న పాఠంతోనే రైతుకు ఆ వారం కూలీ దొరికింది. ఏ ఖర్చుల పట్టీలోనూ ఆ పద్దు కనిపించదు.

ఇంత కూడా కుదరనివాళ్ళు ఇంట్లో చేసుకునే పని వెదుక్కుంటారు. చింతపండు కొట్టి గింజ తీయడం, కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుట్టడం, పూలు కట్టడం. బిడ్డ కళ్ళెదుటే ఉంటుంది గాని లెక్క వేస్తే రోజు కూలిలో సగం కూడా గిట్టని రేటు. తల్లి ఇల్లు కదలలేదని పని ఇచ్చేవాడికి బాగా తెలుసు. బేరం అక్కడే తెగిపోతుంది.

ఇకపోతే బజారు. బట్టలకొట్లు, మందులషాపులు, నర్సింగుహోములు, ప్రైవేటు బడులు. ఒక కొట్టు యజమాని నాతో అన్న మాట: “పెండ్లయిన పిల్లను పెట్టుకుంటే ఏం లాభం సార్? పని నేర్చుకునేతలికి కానుపంటాది. మళ్ళీ రాదు.” ఆయన్ను తప్పు పట్టి ప్రయోజనం లేదు, అది ఆయన అనుభవం. లెక్క కోసం ఆ అమ్మాయి జీతం నెలకు 8,000 రూపాయలు అనుకుందాం. బిడ్డను చూడడానికి ఒక మనిషిని కుదుర్చుకుంటే 5,000 పోతాయనుకుందాం. ఆటోకు వెయ్యి. మిగిలేది రెండు వేలు. దానికోసం పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిదిదాకా నిలబడే మనిషి ఎవరు? ఆమె మానేస్తుంది. యజమాని మరొకరిని తెచ్చి గుడ్డల రకాలు, రేట్లు మొదటినుంచీ నేర్పుతాడు. ఆ నేర్పడానికయ్యే ఖర్చు ఆయనదే, కానీ ఆయన దాన్ని ఖర్చుగా రాసుకోడు. ‘ఈ కాలం ఆడపిల్లలకు నిలకడ లేదు’ అని సరిపెట్టుకుంటాడు.

అంగన్‌వాడీలు లేవా అని మీరు అడగవచ్చు. ఉన్నాయి. సమగ్ర శిశు అభివృద్ధి పథకం 1975 అక్టోబరు 2న దేశంలో 33 ప్రాజెక్టులతో మొదలైంది. దాని మేలు కాదనేవాణ్ణి నేను కాదు. కానీ పథకం రాసుకున్న తీరు గమనించండి. కేంద్రంలో కూర్చోబెట్టి ఆటపాటలు నేర్పి అన్నం పెట్టేది మూడేళ్ళు నిండి ఆరేళ్ళలోపు ఉన్నవారికి. మూడేళ్ళలోపు బిడ్డకు తూకం చూసి, ఇంటికి ఆహారం ఇచ్చి పంపుతారు. ఆ ఆహారం తినిపించే చెయ్యి ఇంట్లో ఉంటుందన్నది పథకం ఊహ. తల్లి కూలికి బయలుదేరేది పొద్దు పొడవగానే, కేంద్రం తలుపు తెరిచేది ఆ తరువాత. సాయంత్రం తల్లి తిరిగి వచ్చేలోగానే అది మూతపడుతుంది. పోషణ కోసం పుట్టిన సంస్థను కాపలా సంస్థ కాలేదని నిందించడం న్యాయం కాదు గాని, ఆ రెండో పని చేసే సంస్థ మరొకటి మా వీధుల్లో లేదు.

ఆ కాస్త ఆసరా కూడా ఎంత విలువైనదో 2023 డిసెంబరు 12న తెలిసింది. ఆ రోజు మొదలైన అంగన్‌వాడీల సమ్మె రాష్ట్రమంతటా 42 రోజులు సాగింది. అప్పటికి కార్యకర్త గౌరవవేతనం నెలకు 11,500 రూపాయలు, ఆయాకు 7,000. వారు అడిగింది జీతం పెంపు, గ్రాట్యుటీ. జనవరిలో ప్రభుత్వం వారిమీద ఎస్మా ప్రయోగించింది. అత్యవసర సేవ అని చట్టం చేత ఒప్పించుకున్న పనికి గౌరవవేతనం మాత్రమే ఇవ్వడంలోని వింతను విద్యార్థులు ఆలోచించాలి.

చట్టాలకు కొరత లేదు. 1948 ఫ్యాక్టరీల చట్టం యాభైమందికి మించి స్త్రీలు పనిచేసే చోట శిశుగృహం ఉండాలన్నది. 1976 సవరణ ఆ సంఖ్యను ముప్పైకి దించింది. 1961 ప్రసూతి సౌకర్యాల చట్టానికి 2017లో వచ్చిన సవరణ సెలవును 26 వారాలకు పెంచి, యాభైమంది ఉద్యోగులున్న ప్రతి సంస్థకూ శిశుగృహం తప్పనిసరి చేసింది. తల్లి రోజుకు నాలుగుసార్లు బిడ్డను చూసి రావచ్చునన్నది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక స్మృతులూ యాభై అనే అంకెనే పట్టుకున్నాయి. పెద్ద ఊళ్ళ మిల్లులకు ఇది సరే. మా బజారులో కొట్టుకు ఐదుగురు, మహా అయితే ఎనిమిదిమంది. పదిమందిలోపు ఉన్న కొట్టుకు ఆ ప్రసూతి చట్టమే వర్తించలేదు. యాభై అన్న గీత కింద ఊరంతా ఉండిపోయింది. పైగా 26 వారాల జీతం యజమాని ఒక్కడే భరించాలనడం వల్ల, గీతకు పైన ఉన్నవాడు పెళ్ళికాని పిల్లలనే ఏరుకునే ప్రమాదం ఉంది.

ఉపాధి హామీ చట్టం మాత్రం తెలివిగా రాశారు. 2006 ఫిబ్రవరి 2న మన పొరుగున అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఆ పథకంలో, పనిచోట ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురు చేరితే కూలీల్లో ఒక స్త్రీని వాళ్ళను చూడడానికే కేటాయించి, అందరితోపాటు కూలి ఇవ్వాలని నియమం. బిడ్డను చూడడం కూడా మన్ను తవ్వడంలాగా పనే అని ఒప్పుకున్న వాక్యం అది. అయితే నేను చూసిన పనిచోట్లలో ఐదుగురు పిల్లలు చేరడమే అరుదు. నీడ లేని గుట్టమీదికి, ఎండలో, చంటిబిడ్డను ఏ తల్లి తెస్తుంది? పిల్లలు రాలేదు కాబట్టి ఆయా అక్కరలేదు, ఆయా లేదు కాబట్టి పిల్లలు రారు.

ఇక కువైట్ సంగతి చెప్పకుండా రాయచోటి గురించి రాయడం కుదరదు. మా తాలూకాల నుంచి ‘ఖద్దామా’లుగా, అనగా ఇంటి పనిమనుషులుగా, వెళ్ళిన స్త్రీలు ఎందరో. అక్కడ వారి పనిలో పెద్ద భాగం ఆ ఇంటి పిల్లలను పెంచడం. ఇంటిపనికి గల్ఫ్ వెళ్ళే స్త్రీకి ముప్పై ఏళ్ళు నిండి ఉండాలని భారత ప్రభుత్వ నిబంధన. రక్షణ కోసమే పెట్టారు, సందేహం లేదు. కానీ మా వైపు ముప్పై నిండిన స్త్రీ అంటే సాధారణంగా బిడ్డల తల్లి. చిన్నపిల్లలు లేనివాళ్ళు పోవాలని ఎవరైనా ఆశించి ఉంటే, జరిగింది తలకిందులు. ఇక్కడ బిడ్డను పెంచడానికి జీతం లేదు. అదే పనికి అక్కడ దీనార్లలో జీతం ఉంది. ఆమె బిడ్డ అవ్వ దగ్గరో, నానీ దగ్గరో పెరుగుతుంది. ఆ అవ్వ చేతులు అలా నిండిపోవడంతో, అదే ఇంట్లోని కోడలికి కొట్టులో పని చేసే వీలు తప్పిపోతుంది. కొట్టు అద్దం మీద వెలిసిపోయే కాగితానికీ, కువైట్‌లో ఊగే ఊయలకూ సంబంధం ఉందంటే నవ్వకండి.

యజమానులు తలుచుకుంటే ఏమవుతుందో చరిత్రలో ఒక ఉదాహరణ ఉంది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరంలో కైజర్ ఓడల కర్మాగారాలకు వేలాది స్త్రీలు కావలసి వచ్చారు. 1943లో కర్మాగారం గేటు పక్కనే శిశు కేంద్రాలు కట్టారు. రాత్రి షిఫ్టు తల్లుల బిడ్డలకూ అక్కడ చోటుండేది. సాయంత్రం ఇంటికి తీసుకుపోవడానికి వండిన భోజనం కూడా అమ్మేవారు. యుద్ధం ముగిసింది, 1945లో వాటిని మూసివేశారు. దయతో కట్టలేదు, నిర్దయతో మూయలేదు. ఓడలు కావాలి గనుక కట్టారు, అక్కరలేదు గనుక మూశారు.

మా కొట్లవాళ్ళకు ఓడల కర్మాగారమంత బలం లేదు. అయితే కొత్త సామాజిక భద్రతా స్మృతిలో ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక వెసులుబాటు కలదు. సంస్థలు కొన్ని కలిసి ఉమ్మడి శిశుగృహం నడుపుకోవచ్చు, లేదా మునిసిపాలిటీదో స్వచ్ఛంద సంస్థదో వాడుకోవచ్చు. మళ్ళీ లెక్క కోసమే, ఇరవై కొట్లు నెలకు 1,500 రూపాయల చొప్పున వేసుకుంటాయనుకుందాం. 30,000 అవుతుంది. ఇద్దరు ఆయాల జీతం, ఒక గది అద్దె, పాలు. తల్లులు తలా ఐదువందలు ఇస్తే మూడో ఆయా. ఒక కొట్టుకు ఆ పదిహేను వందలు, పని నేర్చిన పిల్ల మానేస్తే పోయే బేరాలకన్నా తక్కువేనని నా అంచనా. ఈ లెక్క ఒకరిద్దరు వర్తకుల ముందు పెట్టాను. ఒకాయన “బిడ్డకు ఏమన్నా అయితే జవాబు ఎవురు చెప్పాల?” అన్నారు. మంచి ప్రశ్న. రెండో ఆయన గది ఎక్కడ అని అడిగారు. బజారుకు దగ్గరలో ఉండాలి, మెట్లు ఉండకూడదు, నీళ్ళు రావాలి, రాత్రి తొమ్మిదిదాకా తెరిచి ఉంచేందుకు ఇంటివాడు ఒప్పుకోవాలి. అటువంటి గది కోసం మేము ముగ్గురమూ ఇంకా వెదుకుతూనే ఉన్నాము.