యాప్ టెస్టర్‌కు ఐఫోన్ ఉండి తీరాలా?

"మా అబ్బాయి మొబైల్ యాప్ టెస్టింగ్ కోర్సులో చేరాడండీ. ఐఫోన్ ఉంటేనే ప్రాక్టీస్ కుదురుతుందట. ఈఎంఐలో తీసుకోమంటారా?" ఈమధ్య తల్లిదండ్రులు నన్ను తరచూ అడుగుతున్న ప్రశ్న ఇది. వద్దు. అప్పు చేసి అసలే వద్దు.

మన దేశంలో స్మార్ట్‌ఫోన్లలో 90 శాతానికి పైగా ఆండ్రాయిడ్‌వే. యాప్‌లు ఎక్కువగా మొరాయించేది తక్కువ ర్యామ్ ఉన్న మామూలు ఫోన్లలోనే. ఖరీదైన ఫోన్‌లో చకచకా తెరుచుకున్న పేజీ, స్టోరేజీ నిండిన పాత ఫోన్‌లో తెల్లగా నిలిచిపోతుంది. బ్యాటరీ ఆదా పేరుతో కొన్ని కంపెనీల ఫోన్లు వెనక నడిచే యాప్‌ను ఆపేస్తాయి, నోటిఫికేషన్ రాదు. ఫోన్ భాషను తెలుగుకు మార్చి, అక్షరాల సైజు పెంచి చూడండి: బటన్ మీది మాట సగంలో తెగిపోతుంది, ఒత్తులు కింది వరుసలో కలిసిపోతాయి. టెస్టర్‌కు జీతం ఇచ్చేది ఇలాంటివి పట్టుకున్నందుకే.

నన్నడిగితే ఒక మంచి ఫోన్ కంటే రెండు మామూలు ఫోన్లు మేలు. ఒకటి ఇంట్లో మూలన పడి ఉన్న ఆండ్రాయిడ్ 11 లేదా 12 ఫోన్. రెండోది ఇంకా కొన్నేళ్లు అప్‌డేట్లు వచ్చే బడ్జెట్ ఫోన్. నోటిఫికేషన్లకు అనుమతి అడగాలన్న నియమం 2022లో ఆండ్రాయిడ్ 13తో వచ్చింది. అందుకే ఒకే యాప్ ఈ రెండింటిలో రెండు రకాలుగా ప్రవర్తిస్తుంది. పక్కపక్కన పెట్టి చూస్తే పాఠం దానంతటదే అర్థమవుతుంది.

సెకండ్ హ్యాండ్ ఫోన్ అయినా ఫర్వాలేదు. *#06# నొక్కి ఐఎంఈఐ నంబర్ తెలుసుకుని, కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లో సరిచూసుకున్నాకే డబ్బులివ్వండి. రూట్ చేసిన, అంటే సిస్టమ్ రక్షణలు తొలగించిన ఫోన్ తీసుకోకండి, చాలా బ్యాంకు యాప్‌లు అందులో పనిచేయవు. చాలా ఫోన్లలో సెట్టింగ్స్‌లోని బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు తడితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. అక్కడ యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి ల్యాప్‌టాప్‌కు కలిపి చూడండి. కలవకపోతే ముందు కేబుల్ మార్చండి, చార్జింగ్‌కే పనికొచ్చే కేబుళ్లు చాలా ఉంటాయి. అమ్మానాన్నల బ్యాంకు యాప్‌లున్న ఫోన్‌ను మాత్రం ఈ పనికి వాడకండి.

ఫోన్ ఉంటే మరో ఖర్చూ తగ్గుతుంది. యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియోతో పాటు ఎమ్యులేటర్ (ల్యాప్‌టాప్ తెర మీద నడిచే నకిలీ ఫోన్) కూడా నడపాలంటే 16 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ కావాలి. అసలు ఫోన్ కలిపితే ఆ భారం చాలావరకు పోతుంది. పైగా ఎమ్యులేటర్‌లో నిజమైన సిమ్ ఉండదు, యూపీఐ రిజిస్ట్రేషన్ వంటివి అక్కడ పరీక్షించలేం. ఐఫోన్ (ఐఓఎస్) సంగతా? యాపిల్ వారి ఎక్స్‌కోడ్ నడవాలంటే మ్యాక్ కూడా కొనాలి. ఆ పని ఇచ్చే కంపెనీ సాధారణంగా ఫోన్ కూడా ఇస్తుంది, అప్పుడు నేర్చుకోవచ్చు.

అమీర్‌పేటలోనైనా ఆన్‌లైన్‌లోనైనా, ఫీజులో ఫోన్ కలిపి అమ్మే ప్యాకేజీకి దూరంగా ఉండండి. ఆండ్రాయిడ్ స్టూడియో ఉచితం, పరీక్షలను ఆటోమేట్ చేసే ఆపియమ్ ఉచితం. ఫైర్‌బేస్ టెస్ట్ ల్యాబ్‌లో రోజుకు కొన్ని పరీక్షలు ఉచితం. వీటికి వేలకు వేలు ఎందుకు కట్టాలి? ఇంతకంటే ప్రమాదం 'ఉద్యోగం గ్యారంటీ' అంటూ దొంగ అనుభవ పత్రాలు అంటగట్టేవాళ్లతో. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికితే ఉద్యోగం పోతుంది. నష్టపోయేది బిడ్డ, ఫీజు తీసుకున్నవాడు కాదు. టెస్టర్ సర్టిఫికెట్ కోసం ఐఎస్‌టీక్యూబీ ఫౌండేషన్ పరీక్ష ఏ డిగ్రీవారైనా రాయవచ్చు. కానీ అది మొదటి మెట్టు కాదు.

మొదటి మెట్టు బగ్ రిపోర్టు రాయడం. ఏ ఫోన్, ఏ ఆండ్రాయిడ్ వెర్షన్, ఏం నొక్కితే ఏం జరిగింది, ఏం జరగాలి, లాగ్ ఏం చెబుతోంది అన్నవి పది వాక్యాల్లో స్పష్టంగా రాయగలగాలి. 2023 నవంబరు 13 తర్వాత ప్లే స్టోర్‌లో వ్యక్తిగత డెవలపర్ ఖాతా తెరిచినవారు యాప్ విడుదలకు ముందు కనీసం 12 మంది టెస్టర్లతో వరుసగా 14 రోజులు పరీక్ష నడపాలి. చిన్న డెవలపర్లకు ఆ పన్నెండు మంది దొరకడమే కష్టం. వాళ్లకు టెస్టర్‌గా చేరండి, రాసిన రిపోర్టులన్నీ దాచుకోండి, ఇంటర్వ్యూలో అవే చూపించండి.

తల్లిదండ్రులకు ఒక్క మాట. కోర్సు మొదలైన నెలకే "ప్యాకేజీ ఎంతొస్తుంది?" అని పిల్లల ప్రాణం తీయకండి. పక్కింటివాళ్ల పిల్లలతో పోలికలు మానండి. ఈ వారం ఏ యాప్‌లో ఏ తప్పు పట్టుకున్నారో అడగండి, వాళ్లు చెబుతుంటే కూర్చుని వినండి.